పాత చెక్క పడవల నావిగేషన్ లైట్లు: విప్పడం నుంచి రాత్రి పరీక్ష దాకా

మిషిగన్‌లో తయారైన క్రిస్-క్రాఫ్ట్, సెంచురీ, ఒహాయోలో తయారైన లైమన్ లాంటి పాత చెక్క మోటారు పడవల్లో చిన్నవాటికి సాధారణంగా రెండే దీపాలు ఉంటాయి. ముక్కు మీద ఉండే దీపానికి ఒక పక్క ఎర్ర గాజు, ఇంకో పక్క ఆకుపచ్చ గాజు. వెనక కడ్డీ మీద నాలుగు వైపులా కనిపించే తెల్ల దీపం. 26 అడుగుల లోపు మోటారు పడవలకు 1940 నాటి అమెరికా మోటార్‌బోట్ చట్టం అడిగింది ఈ రెండే.

ఇలాంటి పడవ కొన్నవాళ్లు చాలామంది ఆ దీపాలకు కొత్తగా క్రోమ్ పూత వేయించి, స్విచ్ నొక్కితే వెలిగిందని తృప్తి పడతారు. నా లెక్కలో అప్పటికి సగం పని కూడా కాలేదు. చీకట్లో అర మైలు అవతల ఉన్న పడవవాడు ఈ దీపాన్ని చూసి మీరు ఎటు వెళ్తున్నారో తేల్చుకోవాలి. ఎర్ర దీపం ఒక్కటే కనిపిస్తే మీ ఎడమ పక్క తనవైపు ఉందని, పచ్చది ఒక్కటే కనిపిస్తే కుడి పక్క ఉందని, రెండూ కనిపిస్తే మీరు నేరుగా తన మీదికే వస్తున్నారని అతను అనుకుంటాడు. బల్బు అర అంగుళం పక్కకు జరిగినా ఈ లెక్క తప్పుతుంది. కాబట్టి కోణం, రంగు, వెలుగు ముందు. మెరుపు తర్వాత.

అమెరికాలో సరస్సుల దగ్గర ఉంటూ ఇలాంటి పడవ చేతికొచ్చిన తెలుగువారిని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. సూత్రాలు మాత్రం ఏ దేశపు పాత చిన్న పడవకైనా వర్తిస్తాయి.

ముందు ఈ కొలతలు తెలుసుకోండి

సముద్రంలో పడవలు ఒకదాన్నొకటి ఢీకొనకుండా చేసిన 1972 నాటి అంతర్జాతీయ నియమాలు, అంటే కోల్‌రెగ్స్, 1977 జులై 15 నుంచి అమల్లో ఉన్నాయి. వాటి ప్రకారం ఎర్ర, పచ్చ దీపాలు ఒక్కొక్కటి 112.5 డిగ్రీల మేర కనిపించాలి. అంటే సరిగ్గా ముందు నుంచి మొదలై, పడవకు అడ్డంగా గీసిన గీత దాటి ఇంకో 22.5 డిగ్రీలు వెనక్కి. పాత చట్టం దీన్నే పది పాయింట్లు అనేది. ఒక పాయింటు 11.25 డిగ్రీలు కాబట్టి లెక్క ఒకటే. మీ పాత దీపం ఆకారం ఈనాటి నియమానికీ సరిపోవడానికి కారణం అదే.

12 మీటర్ల లోపు పడవకు పక్క దీపాలు 1 నాటికల్ మైలు, తెల్ల దీపం 2 మైళ్లు కనిపించాలి. 1 మైలుకు 0.9 క్యాండెలా, 2 మైళ్లకు 4.3 క్యాండెలా వెలుగు కావాలి. దూరం రెట్టింపైతే వెలుగు దాదాపు అయిదు రెట్లు కావాల్సి వస్తోంది. ఇది గుర్తుంచుకుంటే తర్వాత వైర్ల విషయంలో నేనెందుకు అంత పట్టుబడుతున్నానో అర్థమవుతుంది. ఇంకొకటి: తెల్ల దీపం పక్క దీపాల కన్నా కనీసం 1 మీటరు ఎత్తులో ఉండాలి. పాత పడవల కడ్డీలు చాలావాటికి అంత పొడవుండదు.

1. విప్పే ముందు

బ్యాటరీ రెండు వైర్లూ తీసేయండి. ఇవి పెట్రోలు ఇంజన్ల పడవలు. అడుగున పెట్రోలు ఆవిరి పేరుకుని ఉంటే చిన్న నిప్పురవ్వ చాలు. ఇంజన్ మూత తెరిచి, వాసన లేదని నిర్ధారించుకున్నాకే పని మొదలుపెట్టండి.

దీపాన్ని నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీయండి. దీపం చుట్టూ డెక్ మీద పేపర్ టేపు అంటించి, దాని అంచు ఎక్కడుందో, మధ్య గీత ఎటు చూస్తోందో పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. డెక్ మళ్లీ వార్నిష్ చేయిస్తే ఈ గుర్తులు పోతాయి కాబట్టి కొలతలు కాగితం మీద కూడా రాసుకోండి.

2. బిగుసుకున్న స్క్రూలు

ఈ దశలో తొందరపడితే దీపం పగులుతుంది. స్క్రూ తల గాడిలో ఇరికిన పాత వార్నిష్‌ను మొనదేలిన సూదితో గీకేయండి. గాడి వెడల్పుకు, మందానికి సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవర్ వాడండి. చిన్నది పెట్టి బలంగా తిప్పితే ఇత్తడి తల నలిగిపోతుంది. కదలకపోతే టంకం వేసే ఇనుము మొనను స్క్రూ తల మీద రెండు నిమిషాలు ఉంచి, చల్లారాక మళ్లీ ప్రయత్నించండి. వేడికి లోహం సాగి, చల్లారితే కుదించుకుని, పట్టు వదులుతుంది. ముందు కొంచెం బిగించే వైపు తిప్పి ఆ తర్వాత విప్పితే చాలాసార్లు వచ్చేస్తుంది. గాజు దగ్గర మంట మాత్రం వాడకండి.

దీపం అడుగు డెక్‌కు అతుక్కుని ఉంటే స్క్రూడ్రైవర్‌తో పైకి పెకలించకండి. మహాగని పలక అంచు లేచిపోతుంది. సన్నని గిటార్ తీగ గానీ, చేప పట్టే గట్టి దారం గానీ రెండు చేతుల్తో పట్టుకుని కింది నుంచి రంపంలా లాగితే, నీళ్లు దిగకుండా అడుగున పెట్టిన పాత సీలెంట్ తెగుతుంది.

3. ఇది ఏ లోహం?

మిగతా పనంతా ఈ జవాబు మీదే ఆధారపడుతుంది. పైన క్రోమ్ ఉంటే అన్నీ ఒకేలా కనిపిస్తాయి. దీపాన్ని తిరగేసి, బయటికి కనపడని చోట చాకుతో చిన్న గీత పెట్టండి. పసుపు రంగు వస్తే ఇత్తడి, కొంచెం ఎరుపు కలిసిన గోధుమ రంగైతే కంచు. బూడిద తెలుపు వస్తే జింక్ పోత. అయస్కాంతం పెట్టి లాభం లేదు, మూడూ దానికి అంటుకోవు.

ఇత్తడి, కంచు దీపాలు ఎంత పాడైనా చాలావరకు బాగుపడతాయి. ఒక్క సందర్భం మినహా: ఇత్తడి గులాబీ రంగుకు తిరిగి, గీకితే పొడిలా రాలుతుంటే అందులోని జింక్ ఉప్పు నీటికి కరిగిపోయి రాగి మాత్రమే మిగిలిందన్నమాట. దానికి బలం ఉండదు. మంచినీటి సరస్సులో తిరిగిన పడవలకు ఈ బెడద తక్కువ.

జింక్ పోత దీపాలు రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి పడవల్లో ఎక్కువ. వాటికి పూత కింద బొబ్బలు లేచి, లోపల తెల్ల పొడి కనిపిస్తుంది. గుంటలు లోతుగా ఉంటే, ఆ దీపాన్ని నమూనాగా దాచుకుని ఇత్తడిలో పోసిన నకలు కొనుక్కోవడమే మంచిదని నా అభిప్రాయం. జింక్ గుంటలను రాగి పూతతో నింపించి, అరగదీసి, మళ్లీ పూత వేయించే పనికి కొత్త దీపం కన్నా ఎక్కువ ఖర్చయ్యే అవకాశం ఉంది.

లోపల గానీ అడుగున గానీ పోతలో వచ్చిన పేరు ఉందేమో చూడండి. బ్రూక్లిన్‌లో మొదలైన పెర్కో, కనెక్టికట్ మిడిల్‌టౌన్‌కు చెందిన విల్కాక్స్-క్రిటెండెన్, మిషిగన్‌కు చెందిన ఆట్‌వుడ్ పేర్లు ఎక్కువగా తగులుతాయి. పేరు తెలిస్తే గాజు, దాని అంచున నీళ్లు దిగకుండా పెట్టే గాస్కెట్ వెతకడం తేలిక.

4. శుభ్రం చేయడం, పూత

పూత లేని ఇత్తడి మీద పచ్చటి చిలుము పట్టి ఉంటే, మన ఇళ్లలో పూజ సామాన్లు తోమే పద్ధతే పనిచేస్తుంది. నానబెట్టిన చింతపండు గుజ్జు రాసి, పది నిమిషాలు ఉంచి, మెత్తటి బ్రష్‌తో రుద్దండి. ఉప్పు కలపకండి, అది మూలల్లో మిగిలితే మళ్లీ చిలుము పడుతుంది. తర్వాత వంట సోడా నీళ్లతో కడిగి, మంచినీళ్లతో మళ్లీ కడిగి, పూర్తిగా ఆరబెట్టండి. జింక్ పోతకు మాత్రం చింతపండు, నిమ్మకాయ, వెనిగర్ ఏవీ తాకించకూడదు. పులుపు జింక్‌ను తినేస్తుంది. అమ్మోనియా ఉన్న ద్రావకాల్లో ఇత్తడిని నానబెట్టడమూ ప్రమాదమే. వంచి, నొక్కి తయారుచేసిన ఇత్తడి భాగాలు దానికి పగుళ్లిస్తాయి.

క్రోమ్ పూత ఇంట్లో తీయకండి, వేయకండి. కరెంటుతో క్రోమ్ తీసేటప్పుడు పుట్టే హెక్సావాలెంట్ క్రోమియం క్యాన్సర్ కలిగించే పదార్థం. ప్లేటింగ్ షాపుకు ఇచ్చేటప్పుడు హోల్డర్, వైర్లు, గాజు, గాస్కెట్ అన్నీ తీసేసి ఖాళీ డొప్ప మాత్రమే ఇవ్వండి. రాగి, దానిపై నికెల్, ఆపైన క్రోమ్ వేయమని అడగండి. ముఖ్యంగా రెండు మాటలు కాగితం మీద రాసి ఇవ్వండి: గాజు కూర్చునే అంచును అరగదీయవద్దు, ఎరుపు-పచ్చ గాజుల మధ్య ఉండే పలకను ముట్టుకోవద్దు. పాలిష్ చక్రం కింద ఈ రెండూ గుండ్రంగా అరిగిపోతే గాజు ఊగుతుంది, రంగులు ఒకదానిలోకి ఒకటి వస్తాయి. మెరుపు ఎంత బాగా వచ్చినా ఆ దీపం ఇక పనికిరాదు.

క్రోమ్ అక్కడక్కడా మాసినా గట్టిగా ఉంటే అలాగే ఉంచేయండి. 70 ఏళ్ల పడవకు 70 ఏళ్ల దీపం అందమే.

5. గాజు

గాజును గోరువెచ్చని సబ్బు నీళ్లలో నానబెట్టి, గాళ్లలో మురికిని మెత్తటి టూత్‌బ్రష్‌తో తీయండి. గాజు మీది ఆ నిలువు, అడ్డ గాళ్లు అలంకారానికి పెట్టినవి కావు. బల్బు వెలుగు పైకీ కిందికీ పోకుండా అడ్డంగా, నీటిమట్టం వెంబడి పంపడానికి వాటిని ఫ్రెనెల్ పద్ధతిలో చేశారు. కాబట్టి గాజును ఇసుక కాగితంతో రుద్దకూడదు, వార్నిష్ పూయకూడదు.

గాజు బీట ఇస్తే జిగురు పెట్టి వాడకండి. వెలుగు ఆ బీట దగ్గర చెదిరిపోతుంది, నీళ్లూ లోపలికి వస్తాయి. ప్లాస్టిక్ గాజులుంటే ఎండకు రంగు వెలిసిందేమో తెల్ల కాగితం మీద పెట్టి చూడండి. ఎరుపు నారింజలోకి తిరిగితే మార్చాల్సిందే. గాజు మీద రంగు పెయింటు వేసి సరిపెట్టిన దీపాలు కూడా వస్తుంటాయి. ఆ పెయింటు గీకేసి అసలు రంగు గాజు వేయండి.

ఆకుపచ్చ గాజు చేతిలో పట్టుకుని చూస్తే కాస్త నీలంగా అనిపించవచ్చు. అది లోపం కాదు. ఫిలమెంట్ బల్బు వెలుగులో పసుపు ఎక్కువ. ఆ పసుపు వెలుగు నీలం కలిసిన గాజు గుండా వస్తే అసలైన ఆకుపచ్చ అవుతుంది. బల్బు మార్చాలనుకునేవారికి ఈ విషయం చాలా ముఖ్యం.

6. హోల్డర్, బల్బు

హోల్డర్‌లో స్ప్రింగు చచ్చిపోవడం, కింది కాంటాక్టుకు చిలుము పట్టడం మామూలు. సన్న సాండ్ పేపర్‌తో కాంటాక్టు మెరిసేదాకా రుద్దండి. స్ప్రింగుకు బలం లేకపోతే హోల్డర్ మార్చండి, లాగి సాగదీసిన స్ప్రింగు నాలుగు రోజుల్లో మళ్లీ వదులవుతుంది. కొత్త హోల్డర్ వేసేటప్పుడు పాతదాని ఎత్తు మిల్లీమీటర్లలో కొలిచి, అదే ఎత్తులో బిగించండి.

ఎత్తుకు ఎందుకింత పట్టింపంటే, గాజు గాళ్లు ఒకే ఒక్క చోట ఉన్న వెలుగును సరిగ్గా పంపేలా లెక్కవేసి చేసినవి. ఫిలమెంట్ ఆ చోట కాకుండా పైన గానీ కింద గానీ ఉంటే వెలుగు ఆకాశానికో, దగ్గరి నీళ్లకో పోతుంది. దగ్గర నుంచి చూస్తే దీపం దివ్యంగా వెలుగుతున్నట్టే ఉంటుంది, మైలు దూరంలో మాత్రం కనపడదు. అలాగే ఎరుపు, పచ్చ కలిసిన దీపానికి నిలువు ఫిలమెంట్ ఉన్న బల్బు వేయాలి. నిలువు ఫిలమెంట్ ఒకటే ఉండి, రెండు రంగుల మధ్య గీత బాగా సన్నగా ఉంటే బయట అడ్డు పలకలు అక్కర్లేదని నియమాలే చెబుతున్నాయి. అడ్డ ఫిలమెంట్ అయితే ముందు భాగంలో రెండు రంగులూ చాలా వెడల్పున కలిసిపోతాయి.

బల్బు మూతి చూసుకోండి. బీఏ15ఎస్‌కు కింద ఒక కాంటాక్టు, బీఏ15డీకి రెండు. వోల్టేజీ కూడా చూడండి. 1950ల మధ్య దాకా చాలా పడవలు 6 వోల్టుల మీద నడిచేవి. తర్వాత 12కు మారాయి, కొన్నిటిని యజమానులే మార్చేశారు. 6 వోల్టుల పడవలో 12 వోల్టుల బల్బు మసకగా వెలుగుతుంది కానీ వెలుగుతుంది, అందుకే ఈ తప్పు ఏళ్ల తరబడి బయటపడదు.

ఎల్‌ఈడీ బల్బుల గురించి అందరూ అడుగుతారు. కరెంటు చాలా తక్కువ తీసుకుంటాయి, నిజమే. కానీ వాటిలో వెలుగు ఫిలమెంట్ ఉన్నచోట నుంచి రాదు, చుట్టూ అతికించిన ముక్కల నుంచి వస్తుంది. తెల్ల ఎల్‌ఈడీ ఆ నీలపు గాజు వెనక పెడితే పచ్చ దీపం నీలంగా కనిపిస్తుంది. పైగా ఫిలమెంట్ బల్బుతో పరీక్షించి ధ్రువీకరించిన దీపంలో ఎల్‌ఈడీ వేస్తే ఆ ధ్రువీకరణ చెల్లదు. నా సలహా సూటిగా ఇది: పాత దీపంలో ఫిలమెంట్ బల్బే ఉంచండి. రాత్రిళ్లు తరచుగా, ఎక్కువ సేపు తిరిగే పడవైతే ఎల్‌ఈడీ కోసమే తయారై ధ్రువీకరణ ముద్ర ఉన్న పూర్తి దీపాన్ని కొనండి. పాతదాన్ని ప్రదర్శనలకు దాచుకోండి.

7. వైర్లు

గుడ్డ చుట్టిన పాత వైర్లు బయటికి బాగున్నట్టు కనిపించినా లోపల రాగి నల్లబడి ఉంటుంది. మొత్తం మార్చండి. తగరపు పూత ఉన్న, సన్న పోగులతో అల్లిన రాగి వైరు తీసుకోండి. ఇళ్లలో వాడే ఒంటి తీగ వైరు పడవ కుదుపులకు తెగిపోతుంది.

వైరు మందం అందాజుగా ఎంచుకోవద్దు. అమెరికా పడవల ప్రమాణాలు రాసే ఏబీవైసీ నావిగేషన్ లైట్లకు 3 శాతం మించి వోల్టేజీ పడిపోకూడదంటుంది. ఉదాహరణ చూడండి. 10 వాట్ల బల్బు, బ్యాటరీ నుంచి దీపానికి 6 మీటర్లు, అంటే పోను రాను 12 మీటర్లు. 6 వోల్టుల పడవలో ఆ బల్బు 1.67 ఆంపియర్లు తీసుకుంటుంది. 16 గేజీ వైరైతే 12 మీటర్లకు నిరోధం సుమారు 0.16 ఓమ్, పోయే వోల్టేజీ 0.26. మనకు అనుమతి 0.18 మాత్రమే. అంతకన్నా మందమైన 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే 0.15తో గట్టెక్కుతాం. అదే 12 వోల్టుల పడవైతే కరెంటు సగమే, 16 గేజీ కూడా సరిపోతుంది.

ఫిలమెంట్ బల్బుకు వోల్టేజీ 10 శాతం తగ్గితే వెలుగు 30 శాతం దాకా తగ్గుతుంది. కాబట్టి ‘వెలుగుతోందిగా’ అనుకోవద్దు. బల్బు వెలుగుతుండగా హోల్డర్ దగ్గరే మల్టీమీటర్ పెట్టి కొలవండి. బల్బు తీసేసి కొలిస్తే పూర్తి వోల్టేజీ చూపించి మోసం చేస్తుంది. తేడా ఎక్కువుంటే స్విచ్‌కు అటూ ఇటూ, ఫ్యూజుకు అటూ ఇటూ కొలుస్తూ వెళ్లండి. డ్యాష్‌బోర్డు మీది పాత లాగుడు స్విచ్ లోపల మాసిన కాంటాక్టులు చాలాసార్లు అసలు దొంగలు.

చెక్క పడవలో కారులా బాడీ ద్వారా కరెంటు తిరిగి రాదు. దీపం డొప్ప నుంచి బ్యాటరీ దాకా రెండో వైరు తప్పనిసరి. అతుకులన్నీ క్రింప్ చేసి, అంటే లోహపు తొడుగులో పెట్టి గట్టిగా నొక్కి, లోపల జిగురుండి వేడికి ముడుచుకునే హీట్ ష్రింక్ గొట్టం తొడగండి. టంకం ఒక్కదాని మీదే ఆధారపడకండి. ఫ్యూజు బ్యాటరీకి వీలైనంత దగ్గరలో ఉండాలి.

8. గాస్కెట్, బిగింపు

పాత గాస్కెట్ ముక్కలైపోయినా కలిపి పేర్చి, దాని మీద కార్క్ లేదా నియోప్రీన్ షీటు పెట్టి గీసి కత్తిరించుకోవచ్చు. గాజును సిలికాన్‌తో అతికించకండి. వెనిగర్ వాసన వచ్చే రకం సిలికాన్ రాగిని, ఇత్తడిని తినేస్తుంది, రేపు బల్బు మార్చడానికి గాజు ఊడి రాదు. డొప్ప అడుగున చిన్న రంధ్రం ఉంటే అది చెమ్మ బయటికి పోవడానికి. మూయకండి.

డెక్ మీద బిగించడానికి బ్యూటైల్ టేపు గానీ పాలీసల్ఫైడ్ సీలెంట్ గానీ వాడండి. స్క్రూ రంధ్రాలు వదులైతే మహాగని పుల్లను ఎపాక్సీతో దించి, ఆరాక మళ్లీ తొలవండి. ఇత్తడి దీపానికి ఇత్తడి లేదా కంచు స్క్రూలే వేయండి. డెక్ వాలుగా ఉండి దీపం పైకి చూస్తుంటే అడుగున సన్నటి చెక్క చీలిక పెట్టి మట్టం చేయండి. పడవ నీళ్లలో మామూలుగా తేలుతున్నప్పటి మట్టమే లెక్క, ట్రైలర్ మీది మట్టం కాదు.

9. రాత్రి పరీక్ష

చీకటి పడ్డాక, పడవను ట్రైలర్ మీద, నీళ్లలో తేలే మట్టానికే నిలిపి, డెక్ నడిమి పలకల అతుకు వెంబడి దారం లాగి దీపానికి 10 మీటర్ల ముందు నేల మీద ఒక గుర్తు పెట్టండి. ఆ గుర్తు దగ్గర నిలబడితే రెండు రంగులూ కనిపించాలి. అక్కడి నుంచి పడవ కుడి పక్కకు మెల్లగా జరగండి. ఎరుపు మీరు 17 సెంటీమీటర్లు దాటాక, 52 సెంటీమీటర్ల లోపు మాయమవ్వాలి. నియమాలు చెప్పే 1 నుంచి 3 డిగ్రీలంటే ఆ దూరమే. రెండో వైపు పచ్చ రంగుకూ ఇంతే. ఎరుపు మీటరు దాకా వెంబడిస్తుంటే ఫిలమెంట్ మధ్యలో లేదు, లేదా మధ్య పలక మెరుస్తోంది. పలకకు మెరుపు లేని నల్ల పెయింటు వేసి, హోల్డర్‌ను కొద్దిగా తిప్పి మళ్లీ చూడండి.

తర్వాత వెనక హద్దు. దీపానికి సూటిగా 5 మీటర్లు పక్కకు, అక్కడి నుంచి 2.07 మీటర్లు వెనక్కి వెళ్లి నిలబడండి. రంగు అక్కడిదాకా కనిపించాలి, 2.6 మీటర్లు దాటాక కనిపించకూడదు. గాలి అద్దం చట్రం గానీ, జెండా కర్ర గానీ అడ్డు వస్తోందేమో చూడండి.

వెనక తెల్ల దీపానికి పడవ చుట్టూ ఒక ప్రదక్షిణ చేయండి, సీట్లలో మనుషుల్ని కూర్చోబెట్టి. ఎవరి తల వెనకైనా దీపం దాగితే కడ్డీ పొడవు పెంచాలి. నియమాల ప్రకారం అడ్డు 6 డిగ్రీలకు మించకూడదు. అర మీటరు దూరంలో ఉన్న 5 సెంటీమీటర్ల కర్రే 5.7 డిగ్రీలు మూసేస్తుంది. కడ్డీ దిగే సాకెట్‌లో కాంటాక్టులు ఏటా శుభ్రం చేయాలి.

ఎల్‌ఈడీ దీపం పెట్టుకున్నవారికి ఇంకో పరీక్ష ఉంది. కొన్ని ఎల్‌ఈడీలు పడవల్లో మాట్లాడుకోవడానికి వాడే వీహెచ్ఎఫ్ రేడియోకు అడ్డు తగులుతున్నాయని అమెరికా కోస్ట్ గార్డ్ 2018లో హెచ్చరించింది. లైట్లు ఆపి, మాటలు లేని ఒక ఛానెల్ పెట్టి, రేడియో బుసను అణచే స్క్వెల్చ్ నాబ్‌ను బుసబుస సరిగ్గా ఆగేచోట ఉంచండి. ఇప్పుడు లైట్లు వేయండి. బుసబుస మళ్లీ మొదలైతే ఆ దీపం మీ రేడియోను చెవిటిదాన్ని చేస్తోంది. వేరేది చూసుకోండి.

అదే రకం బల్బులు రెండు, ఫ్యూజులు రెండు, స్క్రూలకు సరిపోయే స్క్రూడ్రైవర్ ఒక డబ్బాలో పెట్టి పడవలోనే ఉంచండి. బల్బు మార్చిన ప్రతిసారీ 10 మీటర్ల పరీక్ష మళ్లీ చేయండి. ఒకే నంబరు రాసి ఉన్న రెండు బల్బుల్లోనూ ఫిలమెంట్ ఒకే ఎత్తులో ఉండాలని లేదు.